సౌర విద్యుత్తు విస్తరణ – సేద్యపు నేల, భూగర్భ జలం, రైతు ఆదాయం

భారతదేశంలో స్థాపిత సౌర విద్యుదుత్పాదన సామర్థ్యం 2025 జనవరి నాటికి లక్ష మెగావాట్లను దాటింది. 2014 మార్చి నాటికి ఇది 3 వేల మెగావాట్ల లోపే ఉండేది. పదకొండేళ్ళలో ముప్పై రెట్లకు పైగా జరిగిన ఈ పెరుగుదలను సాధారణంగా విద్యుత్ రంగ విజయంగానే పరిగణిస్తారు. అయితే సౌర ఫలకాలలో అధిక భాగం నేలమీదనే నిలుస్తాయి. ఆ నేలలో మెట్ట రైతుల భూములు గణనీయంగా ఉన్నాయి. ఉత్పత్తి అయిన విద్యుత్తులో ఒక భాగం బోరుబావుల మోటార్లను నడిపి భూగర్భ జలాన్ని పైకి తెస్తుంది. అందువల్ల సౌర విద్యుత్తు వ్యవసాయ శాస్త్రానికి కూడా అధ్యయన విషయమే.

ఎండకు వెల లేదు. కాని ఆ ఎండను పట్టే నేలకూ, ఆ శక్తితో తోడే నీటికీ వెల ఉంది. ఆ వెల లెక్కలోకి రానిచోట చౌకైన సౌర విద్యుత్తు రైతుకు మేలుతోపాటు నష్టాన్ని కూడా తెచ్చే ప్రమాదముంది. రైతు వాడుకోని ప్రతి యూనిట్‌కు ధర లభించే ఏర్పాటు, తోడే నీటికి గ్రామస్థాయి పద్దు, నేలను పూర్తిగా వదులుకోనవసరం లేని సేద్య పద్ధతి అనే మూడూ కలిసినప్పుడే ఈ విస్తరణ సేద్యానికి నిలకడైన బలాన్నిస్తుంది.

ధరల పతనం, మార్కెట్ విస్తరణ

కాంతి తాకిడికి విద్యుత్ ప్రవాహం పుడుతుందని ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ 1839లో గమనించాడు. ఆచరణయోగ్యమైన తొలి సిలికాన్ సౌర ఘటాన్ని 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల ప్రదర్శించింది. అప్పుడు దాని సామర్థ్యం సుమారు 6 శాతం. తరువాత చాలాకాలం సౌర ఘటాలు ఉపగ్రహాలకు, మారుమూల ప్రాంతాల అవసరాలకు పరిమితమయ్యాయి. 2010 తరువాత భారీ స్థాయి తయారీ ఈ స్థితిని మార్చివేసింది. 2010–2023 మధ్య పెద్ద సౌర కేంద్రాల యూనిట్ ఉత్పత్తి వ్యయం ప్రపంచ సగటున సుమారు 90 శాతం తగ్గింది.

మన దేశపు వేలం ధరలలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ ప్రారంభమైనపుడు 2022 నాటికి 20 వేల మెగావాట్ల లక్ష్యాన్ని నిర్దేశించారు. 2015లో దానిని లక్ష మెగావాట్లకు పెంచారు. మిషన్ తొలి వేలంలో యూనిట్‌కు పలికిన కనిష్ఠ ధర 10 రూపాయల 95 పైసలు. 2017 మేలో రాజస్థాన్‌లోని భాడ్లా సౌర పార్కుకు అది 2 రూపాయల 44 పైసలకు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలు పలికింది.

ఈ చౌకదనం వెనుక ఒక పరాధీనత కూడా ఉంది. పాలీసిలికాన్ మొదలు ఫలకం వరకు అన్ని దశల తయారీలోనూ చైనా వాటా 80 శాతానికి మించినట్లు అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో వెల్లడించింది. అదే సంవత్సరం ఏప్రిల్ నుండి మన ప్రభుత్వం దిగుమతి ఫలకాలపై 40 శాతం, ఘటాలపై 25 శాతం కస్టమ్స్ సుంకం విధించింది. ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాలతో దేశీయ తయారీ పెరుగుతున్నది. కనుక రైతుకు చేరే ఫలకం ధరను సాంకేతిక ప్రగతితోపాటు వాణిజ్య విధానం కూడా నిర్ణయిస్తున్నది.

మార్కెట్‌లో మరొక మార్పు ఉత్పత్తి వేళలకు సంబంధించినది. సౌర విద్యుత్తు మధ్యాహ్నం పుష్కలంగా లభిస్తుంది, సాయంత్రపు గిరాకీ వేళకు లభించదు. అందుచేత బ్యాటరీ నిల్వతో కూడిన కేంద్రాలకు వేలాలు పెరుగుతున్నాయి. అయితే నీటిని తొట్టెలోనో, నేలలోనో నిలుపుకోగల సేద్యపు పంపుసెట్లకు బ్యాటరీ అక్కరలేదు. పగటి విద్యుత్తును పగలే వినియోగించుకోగల పెద్ద వినియోగదారు వ్యవసాయం. రాత్రివేళ కరెంటు కోసం పొలానికి వెళ్ళి పాముకాటుకు, విద్యుదాఘాతానికి గురయ్యే ప్రమాదం తప్పడం రైతు కుటుంబానికి దీనివల్ల కలిగే మరొక మేలు.

ఫలకాలలో వస్తున్న మార్పులు

సిలికాన్ ఘటాలలో పదేళ్ళ క్రితం వరకు ప్రబలంగా ఉన్న అల్యూమినియం వెనుకపొర నిర్మాణం స్థానంలో పెర్క్, ఆ తరువాత టాప్‌కాన్ నిర్మాణాలు వచ్చాయి. ఘటం ఉపరితలాల వద్ద ఎలక్ట్రాన్లు వ్యర్థం కాకుండా పలుచని పొరలతో అడ్డుకోవడమే వీటిలోని కీలకం. నేడు విపణిలోని టాప్‌కాన్ ఫలకాల సామర్థ్యం సుమారు 22 నుండి 23 శాతం. ఒకే పదార్థంతో చేసిన సిలికాన్ ఘటానికి సైద్ధాంతిక పరిమితి సుమారు 29 శాతం కాబట్టి ఈ మార్గంలో మిగిలిన దూరం తక్కువ.

ఆ పరిమితిని దాటే ప్రయత్నమే పెరోవ్‌స్కైట్–సిలికాన్ జంట ఘటం. పై పొరలోని పెరోవ్‌స్కైట్ నీలి కాంతిని, కింది సిలికాన్ ఎరుపు, పరారుణ కాంతిని గ్రహిస్తాయి. జపాన్ శాస్త్రవేత్త త్సుతోము మియాసాకా బృందం 2009లో రూపొందించిన తొలి పెరోవ్‌స్కైట్ ఘటం సామర్థ్యం 3.8 శాతం. ప్రయోగశాలలోని జంట ఘటాలు ఇప్పుడు 34 శాతాన్ని దాటాయి. అయితే తేమ, వేడిమి వద్ద పెరోవ్‌స్కైట్ క్షీణించడం, అందులోని సీసం పొలం నేలలోకి చేరే అవకాశం అనే రెండు సమస్యలు పరిష్కారం కావలసి ఉన్నాయి. పాతికేళ్ళు ఎండావానల్లో నిలిచిన అనుభవం సిలికాన్‌కు ఉన్నది, దీనికి లేదు.

రైతు క్షేత్రానికి నేడే ఉపయోగపడే మార్పు ఇరువైపులా కాంతిని గ్రహించే ద్విముఖ ఫలకం. నేల నుండి ప్రతిఫలించిన కాంతిని కూడా ఇది వినియోగించుకుంటుంది. తూర్పు–పడమరలకు ముఖం చేసి నిలువుగా కంచెలా నాటితే ఉదయం, సాయంత్రం అధికంగా ఉత్పత్తి చేస్తుంది. వరుసల మధ్య ట్రాక్టర్ నడిచేందుకు వీలుంటుంది.

ఉష్ణోగ్రత ప్రభావాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. 25 డిగ్రీల సెల్సియస్‌కు పైన పెరిగే ప్రతి డిగ్రీకి సిలికాన్ ఫలకం ఉత్పత్తి సుమారు 0.3 నుండి 0.4 శాతం తగ్గుతుంది. ఏప్రిల్, మే మాసాలలో ఫలకం ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరితే 12 నుండి 16 శాతం వరకు నష్టం తప్పదు. ఎండ ఎక్కువైన కొద్దీ విద్యుత్తు ఎక్కువవుతుందన్న సాధారణ అభిప్రాయం పూర్తిగా సరి కాదు. వెలుగు మేలు చేస్తుంది, వేడి కీడు చేస్తుంది.

సోలార్ పంపుసెట్టు సామర్థ్యం లెక్క

ఒక ఘనపు మీటరు నీటిని ఒక మీటరు ఎత్తుకు లేపడానికి 0.00272 యూనిట్ల శక్తి అవసరం. 5 హెచ్.పి. పంపుకు సాధారణంగా 4.8 కిలోవాట్ల ఫలకాలు అమర్చుతారు. రోజుకు 5 గంటల పూర్తి ఎండకు సమానమైన కాంతి లభిస్తే 24 యూనిట్లు ఉత్పత్తి అవుతాయి. కంట్రోలర్, మోటారు, పంపు, గొట్టాల నష్టాలు పోగా 40 శాతం శక్తి నీటికి చేరుతుందని అనుకుంటే, మొత్తం లేపుడు ఎత్తు 50 మీటర్లయిన చోట రోజుకు సుమారు 70 ఘనపు మీటర్లు, అంటే 70 వేల లీటర్ల నీరు లభిస్తుంది. ఎత్తు 100 మీటర్లయితే అందులో సగమే.

ఎకరాకు ఒక మిల్లీమీటరు తడి ఇవ్వడానికి సుమారు 4 ఘనపు మీటర్ల నీరు కావాలి. రోజుకు 10 మిల్లీమీటర్లు కోరే వరికి పై 70 ఘనపు మీటర్ల నీరు 1.7 ఎకరాలకు సరిపోతుంది. రోజుకు 4 మిల్లీమీటర్లతో బిందు సేద్యం కింద పండే కూరగాయలకైతే 4 ఎకరాలకు పైగా సరిపోతుంది. 100 మీటర్ల ఎత్తులో ఈ విస్తీర్ణాలు వరుసగా 0.9, 2.2 ఎకరాలకు తగ్గుతాయి. బోరు ఇవ్వగల నీరు తక్కువైతే ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. కనుక పంపు పరిమాణాన్ని నిర్ణయించవలసినవి నీటి మట్టం, బోరు దిగుబడి, పంట. రాయితీ ఏ హెచ్.పి.కి లభిస్తుందన్నది వీటి తరువాతి విషయం.

ఈ పంపు సంవత్సరంలో 300 ఎండ రోజులకు 7,200 యూనిట్లు ఉత్పత్తి చేయగలదు. సేద్యానికి 120 రోజులు పూర్తిగా నడిచినా 2,880 యూనిట్లే ఖర్చవుతాయి. మిగిలిన 4,320 యూనిట్లు, అంటే 60 శాతం, గ్రిడ్‌తో సంబంధం లేని పంపులో వ్యర్థమవుతాయి. మేత కోసే యంత్రం, పిండిమర, ఆరబెట్టే యంత్రం, శీతల గిడ్డంగి వంటివాటిని అదే ఫలకాలతో నడిపించే సార్వత్రిక కంట్రోలర్లు ఈ లోపాన్ని కొంత తీరుస్తాయి. టమాట, మిరప, ఉద్యాన పంటలు విస్తారంగా ఉన్న మండలాల్లో ఇది పరిశీలించదగిన మార్గం.

తోడే నీటికి పద్దు

కేంద్ర భూగర్భ జల మండలి 2024 అంచనా ప్రకారం దేశంలో ఏటా తోడే భూగర్భ జలంలో సుమారు 87 శాతం సేద్యానికే పోతున్నది. రాయలసీమ, తెలంగాణలలో అధిక భాగం గట్టి రాతి నేలలు. వీటిలో నీరు పగుళ్ళలోను, శిథిలమైన పై పొరలోను మాత్రమే నిలుస్తుంది. నిల్వ తక్కువ, భర్తీ వానమీద ఆధారపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుండి సేద్యానికి ఉచిత విద్యుత్తు అమలులో ఉన్నది. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా మొదలైంది. ఈ విధానాలు రైతుకు సాగు ఖర్చు తగ్గించాయి. కాని తోడే ప్రతి అదనపు లీటరుకూ ఖర్చు శూన్యమైనపుడు పొదుపుకు ఆర్థిక కారణం కూడా లేకుండా పోతుంది. సోలార్ పంపు ఈ పరిస్థితినే కొనసాగిస్తుంది. పైగా దానికి కరెంటు కోత లేదు.

ఈ చిక్కుకు గుజరాత్‌లోని ఖేడా జిల్లా ఢుండి గ్రామం ఒక మార్గం చూపింది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ తోడ్పాటుతో ఆరుగురు రైతులు సౌర పంపుల సహకార సంఘంగా ఏర్పడి, 2016 నుండి మిగులు విద్యుత్తును గ్రిడ్‌కు అమ్మారు. విద్యుత్ పంపిణీ సంస్థ యూనిట్‌కు 4 రూపాయల 63 పైసలు చెల్లించింది. హరిత విద్యుత్తుకు, భూగర్భ జల పరిరక్షణకు విడివిడిగా 1 రూపాయి 25 పైసల చొప్పున అదనంగా లభించింది. మోటారు నడపని గంటకు కూడా ఆదాయం ఉండటం ఇందులోని ప్రధానాంశం. గుజరాత్ ప్రభుత్వం 2018లో ప్రకటించిన సూర్యశక్తి కిసాన్ యోజనలో ఇదే సూత్రం ఉన్నది.

కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకంలో మూడు భాగాలున్నాయి. మొదటిది ఉపకేంద్రాల సమీపంలో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు చిన్న కేంద్రాలు. రెండవది గ్రిడ్ లేనిచోట విడి సోలార్ పంపులు. మూడవది గ్రిడ్‌కు ఇప్పటికే అనుసంధానమైన పంపులకు సౌర విద్యుత్తు. మూడవ భాగంలో పంపు సామర్థ్యానికి రెట్టింపు వరకు ఫలకాలు అమర్చుకొని మిగులును అమ్మే వీలుంది. పంపులకు ఒక్కొక్కటిగా కాక వ్యవసాయ ఫీడరు మొత్తానికి ఒకే కేంద్రాన్ని నిర్మించే పద్ధతిని తరువాత చేర్చారు. ఇందులో నిర్దేశిత పరిమాణం కంటే తక్కువ వాడిన రైతుకు ప్రతిఫలం చెల్లించే అవకాశాన్ని మార్గదర్శకాలు కల్పించాయి. మీటర్లు లేకుండా ఈ అవకాశం ఆచరణలోకి రాదు. మీటరంటే బిల్లు వస్తుందన్న రైతు భయం సహజం. అది ఆదాయాన్ని కొలిచే సాధనంగా మారినపుడే ఆ భయం తొలగుతుంది.

ధర మాత్రమే పంటను మార్చగలదా అన్నది లెక్క చూసి నిర్ణయించవలసిన అంశం. 50 మీటర్ల ఎత్తు, 40 శాతం సామర్థ్యం వద్ద ఎకరా యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు తోడటానికి సుమారు 1,650 యూనిట్లు కావాలి. 500 మిల్లీమీటర్లతో పండే ఆరుతడి పంటకు సుమారు 690 యూనిట్లు చాలు. మిగిలే 960 యూనిట్లను 3 రూపాయల చొప్పున అమ్మితే ఎకరాకు సుమారు 2,900 రూపాయలు. నీటిమట్టం 100 మీటర్లకు పడిపోయినచోట ఇది రెట్టింపవుతుంది. ఇది ఉపేక్షించదగిన మొత్తం కాదు. అయినా వరికున్న నిశ్చితమైన కొనుగోలును ఇది ఒక్కటే ఎదుర్కోలేదు. ఆరుతడి పంటకు కూడా మద్దతు ధరతో కొనుగోలు తోడైతేనే మార్పు నిలుస్తుంది.

ఈ సందర్భంలో తెలుగు ప్రాంతానికి సొంత అనుభవం ఒకటి ఉన్నది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రైతులే నిర్వహించిన భూగర్భ జల వ్యవస్థల పథకంలో, వర్షమాపకంతో వానను, కొలతతాడుతో బావుల మట్టాన్ని రైతులే నమోదు చేశారు. రబీకి ముందు గ్రామంలో కూర్చుని అందుబాటులోని నీటికి, వేయదలచిన పంటలకు పొంతన చూసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క తెలిసిన రైతు తన నిర్ణయం తానే తీసుకున్నాడు. సోలార్ ఫీడరు వచ్చే ప్రతి గ్రామంలో ఈ నీటి పద్దును పునరుద్ధరించడం అవసరం. మిగులు యూనిట్ ధర వ్యక్తికి కారణం చూపుతుంది, నీటి పద్దు ఊరికి హద్దు చూపుతుంది.

ఒకే నేలలో పంట, విద్యుత్తు

కర్నూలు ప్రాంతంలోని గని–శకునాల వద్ద 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సౌర పార్కు దాదాపు 5,900 ఎకరాలలో విస్తరించింది. అనంతపురం సరిహద్దుకు ఆనుకొని కర్ణాటకలోని పావగడ వద్ద 2,050 మెగావాట్ల పార్కుకు సుమారు 13 వేల ఎకరాలు వినియోగించారు. అక్కడ రైతులు భూమిని అమ్మలేదు. ఎకరాకు ఏటా 21 వేల రూపాయల ప్రారంభ కౌలుకు ఇచ్చారు. వరుస కరువులు చూసిన ప్రాంతంలో పట్టాదారుకు ఇది స్థిరమైన ఆదాయం. అయితే ఆ భూమిలో కూలికి వెళ్ళేవారికి, కౌలుకు చేసేవారికి, గొర్రెలు మేపుకునేవారికి ఆ కౌలులో వాటా లేదు. ‘బంజరు’ అని దస్త్రాలలో నమోదైన భూమి కూడా ఎవరికో ఒకరికి మేత భూమి అయి ఉంటుంది.

నేలను ఫలకాలకు పూర్తిగా వదలక, పంటతో పంచుకొనే పద్ధతిని జర్మన్ శాస్త్రవేత్తలు అడాల్ఫ్ గోట్జ్‌బెర్గర్, ఆర్మిన్ జాస్ట్రో 1980ల ఆరంభంలోనే ప్రతిపాదించారు. ఫ్రాన్స్‌లోని మాంపెలియేలో క్రిస్టియన్ డూప్రాజ్ బృందం 2011లో దీనిని అంతర పంటల విశ్లేషణలో వాడే భూ సమతుల్య నిష్పత్తితో అంచనా కట్టింది. కంది–జొన్న సాగుకు వాడే కొలమానమే ఇక్కడ పంట–విద్యుత్తు జంటకు వర్తిస్తుంది. విడివిడిగా సాగించేందుకు కావలసిన నేలతో పోల్చినపుడు ఉమ్మడి పద్ధతిలో భూమి ఉత్పాదకత 35 నుండి 73 శాతం పెరుగుతుందని ఆ బృందం లెక్కగట్టింది.

జర్మనీలోని హెగెల్‌బాఖ్ క్షేత్రంలో 5 మీటర్ల ఎత్తున అమర్చిన ఫలకాల కింద బంగాళాదుంప, గోధుమ పండించారు. 2017లో నీడవల్ల వాటి దిగుబడులు తగ్గాయి. ఎండలు మండిన 2018లో అవే పంటలు ఆరుబయటి కంటే మెరుగ్గా పండాయి. నేల వినియోగ సామర్థ్యం మొదటి ఏడు 160 శాతం, రెండవ ఏడు 186 శాతం. అమెరికాలోని అరిజోనాలో 2019లో వెలువడిన అధ్యయనంలో ఫలకాల కింద టమాట దిగుబడి రెట్టింపైంది. పంటల బాష్పోత్సేకం వల్ల ఫలకాలు పగటివేళ సుమారు 9 డిగ్రీలు చల్లగా ఉన్నాయి. పొడి వాతావరణంలో నీడ పంటకూ, పంట ఫలకానికీ మేలు చేసినట్లు ఇవి సూచిస్తున్నాయి.

మన దేశంలో జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధనా సంస్థ 105 కిలోవాట్ల క్షేత్రంలో పెసర, గోరుచిక్కుడు, జీలకర్ర వంటి పంటలను పరీక్షించింది. ఫలకాలపై పడిన వాననీటిని గొట్టాల ద్వారా సేకరించి, వాటిని కడగడానికి, పంటను తడపడానికి వినియోగించింది. తెలుగు రాష్ట్రాల్లో కొబ్బరి నీడన ఇప్పటికే పండుతున్న పసుపు, అల్లం, కంద, అలాగే ఆకుకూరలు, పశుగ్రాసాలు ఈ పద్ధతికి పరీక్షించదగినవి. నిండు కాంతిని కోరే వరి, మొక్కజొన్న, పత్తికి ఫలకాల మధ్య దూరం పెంచక తప్పదు. ఎత్తైన ఉక్కు చట్రాల వ్యయం, పెనుగాలులకు వాటి నిలకడ, ముఖ్యంగా కోస్తాలో తుపాను తాకిడి పరిశోధకుల ముందున్న ప్రశ్నలు.

పేరుకు పంట వేసి కేవలం విద్యుత్ కేంద్రం నడిపే ధోరణిని అరికట్టేందుకు జపాన్ 2013లో ఒక నిబంధన తెచ్చింది. ఫలకాల కింద దిగుబడి ఆ ప్రాంతపు సగటులో 80 శాతానికి తగ్గరాదు. మన రాష్ట్రాలకు అలాంటి హద్దు నిర్ణయించాలంటే ఏ పంటకు ఎంత నీడ సహ్యమన్న స్థానిక సమాచారం ముందు కావాలి. దానిని సమకూర్చగలిగినవి వ్యవసాయ విశ్వవిద్యాలయాల క్షేత్రాలే.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

సోలార్ పంపు లేదా భూమి కౌలు ప్రతిపాదన రైతు ముందుకు వచ్చినపుడు అతనికి అవసరమైన సలహా విక్రేత నుండి రాదు. అందుచేత విస్తరణ శాస్త్రవేత్త కొన్ని అంశాలను ముందుగా పరిశీలించి చెప్పాలి.

మొదటిది, వేసవిలో బోరు నీటిమట్టం, గంటకు ఇచ్చే నీరు కొలవకుండా పంపు పరిమాణం సూచించరాదు. రెండవది, గ్రిడ్ ఉన్నచోట విడి పంపు కంటే మిగులు అమ్ముకోగల అనుసంధాన పంపునో, ఫీడరు పద్ధతినో పరిశీలించాలి. మూడవది, పంపుతోపాటు బిందు సేద్యం, ఆరుతడి పంట ప్రణాళిక కలిపి సూచించాలి. సౌర పంపు ఇచ్చే నీటిధార ఉదయం సన్నగా మొదలై మధ్యాహ్నం పెరిగి సాయంత్రానికి తగ్గుతుంది కాబట్టి చిన్న తొట్టె ఉంటే ఒత్తిడి స్థిరంగా ఉంటుంది. నాలుగవది, ఫలకాలపై దుమ్మును ఉదయంపూట చల్లదనంలోనే కడగాలి. వేడెక్కిన గాజుపై చల్లని నీరు పోయరాదు. ఐదవది, భూమి కౌలు పత్రంలో కాలపరిమితి, కౌలు పెంపు, గడువు ముగిశాక పునాదులు, ఫలకాలు తొలగించి నేలను సాగుయోగ్యంగా అప్పగించే బాధ్యత స్పష్టంగా ఉండాలి. పాతికేళ్ళ ఒప్పందం ఒక తరం సేద్యానికి సమానం. సంతకం చేసేవారితో పాటు ఆ నేలను వారసత్వంగా పొందేవారు కూడా దానిని చదవడం మంచిది.

పరిశోధన విద్యార్థులకు ఇక్కడ విస్తృతమైన క్షేత్రం ఉంది. ఎర్ర చల్కా నేలల్లో ఫలకాల నీడన నేల తేమ ఎన్ని రోజులు అదనంగా నిలుస్తుంది, పసుపు దిగుబడి ఎంత నీడ వరకు తగ్గదు, తేమ పెరిగిన చోట తెగుళ్ళ ఉధృతి ఎలా మారుతుంది, ఫీడరు పద్ధతి వచ్చిన గ్రామంలో బావుల మట్టం మూడేళ్ళ తరువాత ఎలా ఉంది అనే ప్రశ్నలకు సమాధానం పరదేశపు పత్రాలలో లభించదు. సౌర ఫలకం సామర్థ్యాన్ని పెంచే పని భౌతిక శాస్త్రవేత్తలది. ఆ ఫలకం కింది నేలను, దాని శక్తితో పైకి వచ్చే నీటిని కొలిచి రైతుకు చెప్పే పని వ్యవసాయ శాస్త్రవేత్తలది. ఒక మండలంలో పది బోరుబావుల మట్టాన్ని ఈ వేసవి నుండే నెలనెలా నమోదు చేయడంతో ఆ పని మొదలు పెట్టవచ్చు.